పాత 12 టన్నుల హైడ్రా క్రేన్: బరువు లేపి ఆపితే బూమ్ (క్రేన్ చెయ్యి) దానంతటదే దిగుతోంది, మిల్లు పనికి పంపొచ్చా?

రాయగడ హైడ్రా

అన్నలందరికీ నమస్కారం. మాది రాయగడ. ఎనిమిదేళ్ళు వేరే ఓనరు దగ్గర హైడ్రా నడిపాను. పోయిన దసరాకి అప్పు చేసి సొంతంగా ఒక పాత 12 టన్నుల బండి కొన్నాను. మా దగ్గర వచ్చేవన్నీ చిన్న పనులే. హ్యూమ్ పైపులు దింపడం, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కించడం, వర్క్‌షాపులో లేత్ మెషీన్ జరపడం, ఎప్పుడైనా కోరాపుట్ ఘాట్‌లో బోర్లాపడిన లారీ. ఈఎంఐకి, డీజిల్‌కి పోను ఇల్లు గడుస్తోంది.

పోయిన వారం ఒక లేత్ లేపాను. మూడు టన్నులు ఉంటుందేమో. లారీ వెనక్కి రావాలి, డ్రైవరు టీకి పోయాడు. లివర్ వదిలేసి కూర్చున్నాను. పది నిమిషాలయ్యాక చూస్తే లేత్ జానెడు కిందికి వచ్చింది. నేనే దింపుతున్నానని హెల్పర్లు అనుకున్నారు. నేనేమో వించ్ (హుక్ రోపు చుట్టుకునే డ్రమ్ము) జారిందనుకున్నాను. వించ్ కాదు, బూమే కిందికి వాలుతోంది. ఖాళీ హుక్‌తో ఉంటే తెలియడం లేదు, బరువు పడితేనే.

ఇప్పుడు గుణుపూర్‌లో ఒక రైస్ మిల్లు వాళ్ళు పిలిచారు. పాత బాయిలర్ షెడ్డులోంచి తీసి లారీకి ఎక్కించాలి. "నాలుగు టన్నులు ఉంటుందండీ" అన్నారు. బండి షెడ్డు లోపలికి పట్టదు, గుమ్మం బయటి నుంచి బూమ్ చాపి అందుకోవాలి. బండి మీద లోడ్ చార్ట్ (ఎంత దూరంలో ఎంత బరువు లేపొచ్చో చెప్పే పట్టిక) చూద్దామంటే ప్లేటు కనిపించడం లేదు. అమ్మినాయన కొత్త పసుపు రంగు కొట్టించి ఇచ్చాడు, ఆ రంగు కిందే ఎక్కడో ఉంది. బూమ్ మీద మాత్రం 12 అని మూరెడు అంకె రాయించాడు.

12 టన్నుల బండికి నాలుగు టన్నులు పెద్ద లెక్క కాదని మనసు చెబుతోంది. ఆ జానెడు గుర్తొస్తే నిద్ర పట్టడం లేదు. పని సోమవారం. ఏం చెయ్యమంటారు?

ఘాట్ కింగ్

బ్రో, సీల్ కిట్ (సిలిండరు లోపలి సీళ్ళ సెట్టు) మార్పించు, అయిపోయింది. పాత బండి అన్నాక కొంచెం దిగుతుంది, అప్పుడప్పుడూ లివర్ లాగుతూ ఉంటే సరి. మేం ఇలాంటి బండితోనే చార్ట్ కన్నా ఎక్కువ లేపాం. వెనక లేస్తే నలుగురు కుర్రాళ్ళని తోక మీద నిలబెట్టడమే. టెన్షన్ పడకు.

పెద్ద ఖలాసీ

పై తమ్ముడికి ముందు ఒక మాట చెప్పి తర్వాత అసలు విషయానికి వస్తాను.

నేను కోరాపుట్‌లో ఉంటాను. కోరాపుట్–రాయగడ రైలు లైను వేస్తున్న రోజుల్లో ఖలాసీగా చేరాను, తర్వాత ఆపరేటర్‌ని అయ్యాను. తోక మీద మనుషుల్ని నిలబెట్టడం నేనూ చూశాను, సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఒకసారి నేనే నిలబెట్టాను. ఒక క్రషర్‌లో పాత మోటారు బేసు లేపుతున్నాం. వెనక చక్రాలు తేలుతున్నాయి. నలుగురు ఎక్కారు, బండి కూర్చుంది, అందరం నవ్వుకున్నాం. మధ్యలో స్లింగు (బరువుకి చుట్టి హుక్కుకి తగిలించే రోపు) జారి బేసు కింద పడింది. ముందు బరువు ఒక్కసారిగా పోయేసరికి తోక ధబీమని నేలకి కొట్టుకుంది. నలుగురూ ఎగిరిపడ్డారు. ఒకడి కాలు చీలమండ దగ్గర విరిగింది, వాడు ఇప్పటికీ ఎగుడుదిగుడుగా నడుస్తాడు. సంతలో కనబడితే నేనే ముందు తల దించుకుంటాను.

రాయగడ తమ్ముడూ, హైడ్రా అంటే తిరగేసిన ట్రాక్టరు. పెద్ద చక్రాలు ముందు, తిరిగే చిన్న చక్రాలు వెనక. బరువు లేపినప్పుడు అది తక్కెడ అవుతుంది, ముందు టైర్లే దాని ఇరుసు. ఒక పక్క నీ బండి బరువు, ఇంకో పక్క హుక్కుకి వేలాడేది. లెక్క కోసం అనుకో, ముందు టైర్లకి మీటరు దూరంలో 12 టన్నులు మోసే బండి మూడు మీటర్ల దూరంలో నాలుగే మోస్తుంది. బూమ్ చాచినప్పుడు దాని సొంత బరువు కూడా ముందుకే పోతుంది కాబట్టి నిజానికి ఆ నాలుగూ రావు. హుక్ బ్లాకు, స్లింగులు, షాకిళ్ళ బరువు కూడా అందులోంచే తియ్యాలి. బూమ్ మీద రాసిన 12 అనేది బూమ్ మొత్తం లోపలికి లాగి, హుక్కు టైర్లకి ఆనుకున్నట్టు ఉన్నప్పటి మాట. గుమ్మం బయటి నుంచి షెడ్డులోకి చాచినప్పుడు ఆ అంకెకి అర్థం లేదు.

బరువు ఎక్కువైందని ముందు చెప్పేది స్టీరింగు. స్టీరింగు చేతికి ఉన్నట్టుండి తేలిగ్గా తగిలిందంటే వెనక చక్రాలు నేలని వదులుతున్నాయి. అలారం ఉన్నా లేకపోయినా అది మాత్రం అబద్ధం చెప్పదు.

ఇక బూమ్ దిగడం. ఆ జానెడు కిందికి మాత్రమే రాలేదు, ముందుకి కూడా వచ్చింది. బూమ్ వాలేకొద్దీ హుక్కు టైర్లకి దూరమవుతుంది. పది గంటలకి చార్టులో సరిపోయిన బరువు, నువ్వేమీ చెయ్యకుండానే పది గంటల పది నిమిషాలకి చార్టు దాటిపోవచ్చు. లివర్ లాగుతూ ఉంటే సరి అన్నది అందుకే పనికిరాదు.

బూమ్ జాకీ (బూమ్‌ని లేపే హైడ్రాలిక్ సిలిండరు) దగ్గర ఒక లాక్ వాల్వ్ ఉంటుంది. హోసు పగిలినా జాకీలో ఆయిల్ అక్కడే ఆగిపోవాలి, దాని పని అదే. బూమ్ దిగుతోందంటే ఆ వాల్వ్ సరిగా మూసుకోకపోవచ్చు, లేదా జాకీ లోపల పిస్టన్ సీలు పోయి ఉండొచ్చు. ఏదో తేల్చకుండా సీల్ కిట్ మార్పించావంటే డబ్బు పోతుంది, బూమ్ మాత్రం దిగుతూనే ఉంటుంది. ఖాళీ హుక్‌తో బూమ్ పూర్తిగా పైకి లేపి, జాకీ చివరిదాకా తెరుచుకున్నాక ఇంజను ఆపి, ప్రెషర్ దింపి, రాడ్డు వైపు హోసు విప్పించు. ఆ హోసుకి, స్పూల్ (లివర్‌తో కదిలే వాల్వ్) వైపు పోర్టుకి ప్లగ్గు పెట్టించు. తర్వాత కొంచెం రేసులో లేపే లివర్ పట్టుకుని చూడండి. విప్పిన జాకీ పోర్టులోంచి ఆయిల్ ధారగా వస్తూనే ఉంటే పిస్టన్ సీలు పోయినట్టే. రెండు చుక్కలు కారి ఆగిపోతే వాల్వ్‌ని అనుమానించు. ఇది హైడ్రాలిక్ మెకానిక్ చెయ్యాల్సిన పని, నువ్వు కాదు. బూమ్ కింద పిల్లి కూడా ఉండకూడదు.

పనిలో పని, బూమ్ చాచే జాకీని కూడా చూడు. ఒకటి కారుతుంటే రెండోదీ అదే వయసుది.

చార్టు లేకుండా ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళొద్దు. మోడల్ నంబరు, ఛాసిస్ నంబరు తీసుకుని డీలరుని అడిగితే చార్టు కాపీ ఇస్తారు. సోమవారానికి రాకపోతే పని మంగళవారం చేస్తావు.

మిల్లు సూపర్‌వైజర్, గుణుపూర్

ఆ పిలిచింది మా మిల్లు కాదు కానీ మాకూ ఇలాంటి పని పడింది, అందుకే రాస్తున్నాను. క్రేన్ మాట్లాడుకునే వైపు నుంచి రెండు మాటలు.

"నాలుగు టన్నులు ఉంటుందండీ" అని మేం చెప్పేది నమ్మకండి. మాకూ తెలియదు. కొన్నప్పటి బిల్లులో ఉన్నదో, పాత మేస్త్రీ చెప్పిందో అప్పజెబుతాం. బాయిలర్ మీద మేకరు ప్లేటు ఉంటే చూడండి, లేకపోతే టేపు పెట్టి లెక్క వెయ్యండి. ఇనప రేకు చదరపు మీటరుకి, మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు. 1.2 మీటర్ల వ్యాసం, 3 మీటర్ల పొడవు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న షెల్ అనుకోండి, ఒట్టి షెల్లే దాదాపు 890 కిలోలు. దానికి రెండు పక్కలా ప్లేట్లు, ట్యూబులు, లోపలి ఇటుక, ట్యూబులకి పట్టిన పొక్కు. అన్నిటికన్నా మోసం చేసేది నీళ్ళు. ఆ షెల్ లోపల 3.4 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది, ట్యూబులు పోను సగం నీళ్ళున్నా టన్ను పైమాటే. డ్రెయిన్ కాక్ విప్పినా పొక్కు అడ్డం పడి నీళ్ళు రాకపోవచ్చు, ఇనప చువ్వతో పొడిచి చూడండి. పైగా నీళ్ళు లోపల ఒక పక్కకి కదులుతాయి, లేపగానే బాయిలర్ ఒరుగుతుంది.

రెండోది. మా మిల్లులో నేను క్రేన్ గేటు దాటించే ముందు టెస్ట్ సర్టిఫికెట్ అడుగుతాను. ఆపరేటర్లు విసుక్కుంటారు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ ప్రకారం లిఫ్టింగ్ మెషీన్లు, గొలుసులు, రోపులు కనీసం 12 నెలలకి ఒకసారి అర్హత ఉన్న వ్యక్తి పూర్తిగా పరీక్షించాల్సి ఉండేది. ఏదైనా జరిగితే జవాబు చెప్పుకోవాల్సింది మేమూ, మీరూ ఇద్దరమే. మీ బండికి లేకపోతే ఈ రిపేరు అయ్యాక చేయించుకోండి. ఆ కాగితం ఉన్న పాత బండికి నేను కొత్త బండి రేటే ఇస్తాను.

మిల్లు ఆవరణలో 11 కేవీ తీగలు వెళ్తాయి. బూమ్ గానీ రోపు గానీ వాటికి మూడు మీటర్ల లోపు వచ్చేలా ఉంటే ముందురోజే కరెంటోళ్ళకి చెప్పి లైను తీయించమని అడగండి. బూమ్ తగలకపోయినా కరెంటు దూకుతుంది.

బల్లార్షా టేకు

నేను అటు వైపు వాడిని కాదు, చంద్రపూర్ జిల్లా బల్లార్షా. మా తాతల నాడు కరీంనగర్ నుంచి వచ్చాం. ఇక్కడ టేకు డిపోలో దుంగలు లేపడమే నా పని. బాయిలర్ గుండ్రంగా ఉంటుంది, దుంగా గుండ్రమే, కాబట్టి చెబుతున్నా.

ఒకే స్లింగుతో నడుముకి ఉరి వేసి లేపకు. ఉరి బిగించినప్పుడు స్లింగు మామూలుగా మోసేదానిలో ముప్పాతిక వంతే మోస్తుందని లెక్క వేసుకో. పైగా బరువు మధ్యలో ఉండదు, ఒక కొన జారుతుంది. రెండు స్లింగులు, రెండు చివర్లకీ దగ్గరగా. స్లింగులు నిటారుగా ఉంటే చెరి సగం మోస్తాయి. నేలకి 60 డిగ్రీల కోణంలో ఒక్కోటీ మొత్తం బరువులో 58 శాతం మోస్తుంది. 30 డిగ్రీలకి పడిపోయిందంటే ఒక్కోదాని మీద మొత్తం బరువంత లాగుడు పడుతుంది. షెడ్డు కప్పు తక్కువగా ఉందని పొట్టి స్లింగులు వేసేది అక్కడే, తెగేదీ అక్కడే.

హుక్ రోపు కూడా చూడు. గుడ్డతో పట్టుకుని మెల్లగా నడిపిస్తే తెగిన తీగలు గుడ్డకి చిక్కుకుంటాయి. ఒక మెలిక పొడవులో (ఒక పేట రోపు చుట్టూ ఒక చుట్టు తిరిగేంత పొడవు) ఆరు తెగినా, ఒకే పేటలో మూడు తెగినా మేం మార్చేస్తాం. మా మేనేజరు గొణుగుతాడు, గొణగనీ.

రాయగడ హైడ్రా

అన్నలూ, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. జరిగింది చెబుతాను.

పెద్దాయన చెప్పినట్టే మెకానిక్‌ని పిలిచాను, విజయనగరం నుంచి వచ్చాడు. బూమ్ పైకెత్తి హోసు విప్పితే రెండు చుక్కలు కారి ఆగింది. వాల్వ్ విప్పాడు. లోపల సీటు మీద నల్లటి రబ్బరు ముక్క, గోరంత. ఎప్పుడో పాత హోసు లోపలి పొర ఊడి వచ్చి అక్కడ ఇరుక్కుంది. సీటు మీద చిన్న గీత కూడా పడింది. వాల్వ్ కొత్తది వేశాం, ఆ హోసు కూడా మార్చాం. ఆయిల్ చూస్తే మజ్జిగలా ఉంది, నీళ్ళు కలిశాయట. ట్యాంకు మొత్తం వంపి, కడిగి, ఫిల్టరు మార్చి కొత్త 68 నంబరు ఆయిల్ పోయించాను. సీల్ కిట్ అవసరం పడలేదు. ఘాట్ కింగ్ బ్రో మాట వినుంటే జాకీ మొత్తం విప్పేవాళ్ళం.

తర్వాత రెండు టన్నుల కాంక్రీటు దిమ్మ లేపి, నేల నుంచి టేపు పెట్టి పదిహేను నిమిషాలు ఆగాం. కదల్లేదు. చాచే జాకీ కూడా బాగానే ఉంది.

చార్ట్ డీలరు వాట్సాప్‌లో పంపాడు. చూసి గుండె జారింది. ఆ గుమ్మం దగ్గర నుంచి బాయిలర్ మధ్యకి ఎంత చాపాలో కొలిచి చార్ట్‌లో పెడితే 2,900 కిలోలు వచ్చింది. హుక్కూ స్లింగులూ తీస్తే ఇంకా తక్కువ. నేను వేసుకొచ్చింది నాలుగు.

మిల్లు ఓనరుకి చూపించాను. "ఇంత చిన్న పనికి పెద్ద క్రేన్ వైజాగ్ నుంచి తెప్పించమంటావా" అని కోపగించుకున్నాడు. ఆయన మిల్లులో పనిచేసే ముసలి మేస్త్రీ ఒకాయన అక్కడే బీడీ కాలుస్తూ వింటున్నాడు. "దాన్ని లేపడం దేనికి బాబూ, దొర్లించండి" అన్నాడు. అంతే. నీళ్ళు తీసేసి, జాకీలతో బాయిలర్‌ని కొంచెం లేపి, కింద సీ ఛానెళ్ళు, వాటి మీద ఇనప పైపులు పెట్టి, చెయిన్ పుల్లీతో లాగి పూటలో గుమ్మం బయటికి తెచ్చాం. అప్పుడు బండిని బాయిలర్‌కి ఆనించి, బూమ్ పూర్తిగా లోపలికి లాగి లేపాను. కింద నేల మొన్నటి వానకి మెత్తగా ఉంది, ముందు టైర్ల కింద పాత రైలు స్లీపర్లు పరిచాం. లారీని బాయిలర్ కిందికే వెనక్కి రమ్మన్నాను, నేను ఒక్క అడుగు కదల్లేదు.

ఒక్కటే గండం వచ్చింది. హెల్పర్లు ముగ్గురిలో ఇద్దరు ఒడియా కుర్రాళ్ళు, ఒకడు కుయి మాట్లాడేవాడు. లారీ వెనక్కి వస్తుంటే ఒకడు "రొహొ, రొహొ" అని అరిచాడు. ఒడియాలో ఆగు అని. ఇంజను చప్పుడులో లారీ డ్రైవరుకి "రా, రా" అని వినబడింది. మనోడు శ్రీకాకుళం వాడు, వస్తూనే ఉన్నాడు. నేను హారన్ కొట్టకపోతే బాయిలర్‌కి గుద్దేవాడు.

పెద్ద ఖలాసీ

భేష్. ఆ మేస్త్రీకి నా తరఫున ఒక కట్ట బీడీలు ఇప్పించు.

భాషల గొడవ నాకూ పాతదే. మా ఖలాసీల కాలంలో ఎవరి ఊరు ఏదైనా దింపు అంటే "ఆరియా", లేపు అంటే "హాబేస్". ఓడల మీది మాటలు, అందరికీ అవే. ఇప్పుడు పిల్లలకి అవి రావు. పని మొదలుపెట్టే ముందు ఒకడినే ఎంచి, నువ్వు చెయ్యి చూపిస్తేనే కదులుతామని అందరి ముందూ చెప్పు, లారీ డ్రైవరుకి కూడా. మిగతావాళ్ళు నోరు తెరవకూడదు. ఆపమనే సైగ మాత్రం ఎవరు చేసినా ఆపాలి. హైడ్రాలో బూమ్ నీ కళ్ళకి అడ్డం, ఒక పక్క నీకు ఎలాగూ కనబడదు. వెనక చక్రాలు తిరిగే బండి కాబట్టి మలుపులో తోక బయటికి విసురుతుంది, అక్కడ కూడా ఒక మనిషి కావాలి.

బరువు ఎంత వచ్చింది చివరికి? కాటా వేశారా?

రాయగడ హైడ్రా

వేశాం. లారీ ఖాళీ బరువు తీస్తే బాయిలర్ 4,760 కిలోలు. నీళ్ళు తీశాక! ఆ చీటీ ఫోటో తీసి ఓనరుకి పంపాను. ఏమీ అనలేదు, డబ్బు మాత్రం పూర్తిగా ఇచ్చాడు.

సూపర్‌వైజర్ గారూ, టెస్టింగ్‌కి మాట్లాడాను, వచ్చే వారం.

బండి మీది ప్లేటు దొరికింది, క్యాబిన్ లోపల ఎడమ పక్క. రెండు పూతల పసుపు రంగు. మా ఆవిడ గోళ్ళ రంగు తీసే సీసా తెచ్చి సగం ప్లేటు తుడిచాను, అంకెలు కనిపిస్తున్నాయి. మిగతా సగం బ్లేడుతో గీకేయనా?

పెద్ద ఖలాసీ

బ్లేడు వద్దు, అంకెలు కూడా లేచిపోతాయి. మీ ఆవిడ సీసానే ఇంకొకటి కొనియ్యి. పూర్తయ్యాక దాని మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు అంటించు. బూమ్ మీద మూరెడు 12 ఉంది కదా, మిగిలిన పసుపు రంగు దాని మీద కొట్టు.